సమాధుల బీడు మీద విమానాలు

విమానం దిగాలంటే నేల గట్టిగా, చదునుగా ఉండాలట. మాచవరం అవతల మా ఊరి చుట్టూ నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే బండి ఇరుసు దాకా దిగబడుతుంది. గట్టి నేల ఉన్నది ఒక్క చోటే. మోకాటి లోతు తవ్వితే కింద నాపరాయి తగిలే బీడు అది. మా పల్లె కిరస్తానీలమంతా మా చచ్చినవాళ్ళను అక్కడే పాతిపెట్టుకునేవాళ్ళం. లోతు చాలదు గనక, నక్కలు తవ్వకుండా ఒక్కో సమాధి మీద ఒక్కో నాపబండ పరిచి, దాని మీద శిలువ, పేరు చెక్కించేవాళ్ళం.

స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు వేసవిలో మా కామందు అమరేశ్వరరావు కన్ను ఆ బీడు మీద పడింది.

ఆయన యుద్ధం రోజుల్లో పొగాకు మీద పైకొచ్చినవాడు. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన చిన్న విమానాలు రెండు కొని, బాపట్ల అవతల సముద్రపొడ్డున మైదానంలో పెట్టాడు. వాటి బాధ్యత అల్లుడు సాంబశివరావుది. మద్రాసులో నేర్చుకుని వచ్చాడు, బాగా నడుపుతాడని చెప్పుకునేవారు. మామగారికేమో జిల్లా బోర్డు మీద ఆశ. పట్నం పెద్దమనుషుల్ని ఆకాశంలోంచి తెచ్చి సొంత ఊళ్ళో దింపితే తనకిక తిరుగుండదని ఆయన ఎత్తు.

సంగతి తెలిసి మా అత్త ఆరోగ్యమ్మ పల్లె పెద్దల వెంట వెళ్ళి ఆయన అరుగు ముందు నిలబడింది. నేనూ వెళ్ళాను.

“పొద్దు గూకే వైపు ఒక్క మూల వదిలిపెట్టండి అయ్యగారూ. మీ ఇమానం మిగతా అంతా తిరుగుద్ది గదా,” అంది అత్త.

“బీడు ఎవరిదే ఆరోగ్యం?” అన్నాడు ఆయన, చుట్ట కొస కొరికి ఉమ్ముతూ. “మా తాత పాతుకోండన్నాడు, పాతుకున్నారు. ఇప్పుడు నేను వద్దంటన్నా. బతికినోళ్ళకే చోటు లేక చస్తంటే చచ్చినోళ్ళకి చోటేందే?”

అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఒకాయనకి నవ్వి నవ్వి పొలమారింది కూడా. అత్త చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. ఆ నవ్విన ముఖాలన్నీ నేను ఒక్కొక్కటీ చూసి పెట్టుకున్నాను.

బండలన్నీ ఊడబెరికించి బీడు అంచున ఒకదాని మీద ఒకటి పేర్పించాడు. దిబ్బలు చెక్కించి, గుంటలు పూడ్పించాడు. ఇక మిగిలింది రాతి రోలరు లాగించడం. దానికి పొరుగూరి మనుషులు దొరకక కాదు. అయినా అంతోనిని పిలిచాడు. మాలో ఒకడి చేతనే చేయిస్తే మిగతా నోళ్ళు లేవవని ఆయనకు తెలుసు.

అంతోని నా మొగుడు. కట్టుకున్నవాణ్ణి పేరు పెట్టి అనడం మాలో లేదు. ఆ వేసవి నుంచి నాకది అలవాటైంది.

మా లూర్దు మేరి అంతకు ముందు చలికాలం జ్వరమొచ్చి పోయింది. అప్పుడప్పుడే మాటలొస్తున్న పిల్ల. అంతోనే క్వారీకి పోయి పలచని బండ ఒకటి ఏరి, భుజాన మోసుకొచ్చి, శిలువ తనే చెక్కాడు. ఉలి పట్టడం రాక శిలువ కాస్త వంకర పోయింది. అలాంటివాడు, కామందు పిలవగానే ఎడ్లను కాడికి కట్టి బయల్దేరాడు.

“పోవద్దు,” అన్నాను గుమ్మంలో అడ్డం నిలబడి.

“పోకపోతే ఏడ పడుకుంటామే? ఈ ఇల్లు ఎవరి జాగాలో ఉంది?” అన్నాడు. “లూర్దు ఉన్న కాడికి పోను. పక్కనించి తిప్పుతా. ఆయన గొడుగు కింద కూకుని ఉంటాడు, ఆయనకేం కనపడద్ది?”

అలాగే తిప్పాడు కూడా, మొదటిసారి. బీడు అంచున నిలబడి చూస్తున్నాను. రెండోసారి ఆ చోటు దగ్గరికొచ్చేసరికి గొడుగు కింద నుంచి కేక వినిపించింది.

“ఒరేయ్ అంతోనీ, ఏందిరా ఆ వంకర? దమ్మొచ్చింది ఎడ్లకా, నీకా?”

అంతోని ఆగాడు. నా వైపు చూడలేదు. ములుగర్ర ఎత్తి ఎద్దు వీపు మీద ఆనించాడు. రోలరు నేరుగా పోయింది. ఏదో చప్పుడవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. మట్టి అణిగింది, అంతే.

ఆ పూట నుంచి ఇంట్లో అంతోనికి నీళ్ళు పెట్టాను, సంకటి పెట్టాను, మాట మాత్రం పెట్టలేదు. మొదట్లో తిట్టాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత ఆయనా ఊరుకున్నాడు. మధ్యలో నలిగింది అత్త.

“వాడు నా కొడుకే ఎలిసమ్మా,” అంది ఒకరోజు జొన్నలు విసురుతూ. “కన్నదాన్ని కాబట్టి వాణ్ణి పొమ్మనలేను. వాళ్ళ నాయన మీదుగా కూడా పోయింది ఆ గుండు. నేను పడుకుంటే నా రొమ్ము మీదే దొర్లతన్నట్టుంటది.”

పొద్దు గూకితే అందరం కూర్చుని జపమాల చెప్పుకునేవాళ్ళం. నోరు మంగళవార్త జపం పలుకుతుంటే నా లోపల వేరే జపం నడిచేది. ఒక్కో పూసకు ఒక్కో శాపం. అమరేశ్వరరావు పొగాకు ఆరబెట్టే బేరన్లు కాలిపోవాలని ఒకటి, అరుగు కూలాలని ఒకటి, ఆయన నలుగురిలో తల ఎత్తుకోలేని రోజు నేను కళ్ళారా చూడాలని ఒకటి. నెలకొకసారి వచ్చే స్వాములవారి దగ్గర పాపసంకీర్తనంలో చేసిన పాపాలన్నీ చెప్పాను, ఇదొక్కటి చెప్పలేదు. చెబితే క్షమించమంటారు. నాకు ఆ ఉద్దేశం లేదు.

వేసవి ఆఖర్లో పసుపు విమానం ఒకసారి వచ్చి దిగి వెళ్ళింది. ఊరు ఊరంతా పరిగెత్తింది. మేళం పెట్టించి అల్లుడికీ విమానానికీ కలిపి దండలేశాడు కామందు. దాని చక్రాలు మా బిడ్డ ఉన్న చోటు మీదుగా గంతులేసుకుంటూ పోయాయి. చిన్న చక్రాలు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయని పక్కన ఎవరో అన్నారు.

వానాకాలం గడిచింది. సమాధుల పండుగ దగ్గర పడింది. ఏటా ఆ రోజు బీడంతా కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. ఈసారి ఎక్కడ వెలిగించాలో పల్లెలో ఎవరికీ తోచలేదు. పెద్దలు గుడిసె ముందు కూర్చుని అదే మాట్లాడుకుంటుండగా ఆకాశంలో చప్పుడైంది.

ఆ రోజు పొద్దుటి నుంచీ గాలి లేదు. ఆకు కదలని ఉక్క. తూర్పున మబ్బు కొత్త రాగిబిందె రంగులో నిలబడి ఉంది. ఆ మబ్బు ముందు నుంచి రెండు విమానాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముందు పసుపుది, వెనక వెండి రంగుది. బీడు మీద దిగాక సాంబశివరావు కిందికి దూకి, కళ్ళద్దాలు నుదుటి మీదికి లాక్కుంటూ మామగారి దగ్గరికి పరిగెత్తాడు. వెండిది నడుపుకొచ్చిన దొర ఎవరో అప్పుడే కామందు కారెక్కి ఇంటికి పోయాడు.

“బందరు రేవులో పెద్ద జెండా ఎక్కించారు మావయ్యగారూ. తుఫాను రేపు తెల్లారేసరికి ఒడ్డుకొస్తుందట. అక్కడే ఉంచితే పుల్ల కూడా మిగలదు. ఇంత లోపలికి వస్తే గాలి కాస్త తగ్గుతుంది. గట్టిగా కట్టాలి, అంతే.”

కట్టడానికి మేకులు దిగలేదు. మూరెడు మట్టి కిందికి పోయాక నాపరాయి తగిలి ఇనుప మేకులు వంగిపోతున్నాయి. సమ్మెట కొట్టి కొట్టి మనుషులు చేతులెత్తేశారు. సాంబశివరావు మబ్బు వంక చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

అమరేశ్వరరావు చేతికర్ర ఎత్తి బీడు అంచున పేర్చిన బండలు చూపించాడు.

“అవున్నయిగా. ఏరే బరువెందుకు? మోయించండి.”

పల్లెలో ఆడా మగా అందరినీ కేకేశారు. కామందు మనుషులు కర్రలు పట్టుకుని వెంట నిలబడ్డారు. మా బండలు మేమే మోశాం. ఎవరి నెత్తి మీద ఎవరి బండ ఉందో మాకు తెలుసు. ఏలియా తాత తన పెళ్ళాం బండ మోశాడు. అత్త మా మామ బండ మోయలేక మధ్యలో కూలబడితే నేను రెండో కొస పట్టాను. బండల్ని దొంతరలుగా పేర్చి, మోకులతో చుట్టి, ఆ మోకుల్ని రెక్కలకు బిగించారు. లూర్దు బండ చిన్నది. రెక్కకు చాలదని పసుపు విమానం తోక కింద పెట్టారు.

సాంబశివరావు ఒక ముడి సరిచూస్తూ వంగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏంటివి మావయ్యగారూ? శిలువలున్నాయి వీటి మీద. పేర్లున్నాయి.”

“రాతలుంటే రాయి బరువు తగ్గద్దా ఏందయ్యా?” అన్నాడు అమరేశ్వరరావు. “పదండి, వాన మొదలయ్యేట్టుంది.”

అల్లుడు మా వైపు చూశాడు. మామగారి వెనక నడిచాడు.

కాపలా అంతోనిది. పక్కనే టార్పాలిన్ కప్పిన చిన్న పాక వేశారు.

“మోకు వదులైతే బిగించు. ఇమానం జానెడు కదిలిందా, తోలు ఒలుస్తా,” అని చెప్పి పోయాడు కామందు.

తెల్లారేసరికి వచ్చింది గాలి. వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది. పల్లెలో తాటాకు కప్పులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. మా ఇంటి వెనక గోడ తడిసి జారింది. అత్త మూల కూర్చుని చలికి వణుకుతూ జపమాల తిప్పుతోంది. నేను చీర కొంగు నడుముకు బిగించి తడిక తీశాను.

“ఈ గాలిలో ఎక్కడికే?”

“నా బిడ్డ బండ తెచ్చుకుంటా.”

ఆపుతుందనుకున్నాను. జపమాల మెళ్ళో వేసుకుని లేచింది.

“పద. మీ మావది కూడా ఉంది గదా ఆడ.”

ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని బీడు దాకా వంగి వంగి నడిచాం. పాక ఎప్పుడో ఎగిరిపోయింది. విమానాలు రెండూ ముక్కుతాడు లాక్కునే కోడెల్లా పెనుగులాడుతున్నాయి. రెక్కలు లేస్తుంటే మోకులు ముక్కుతున్నాయి, బండలు ఒకదాని మీద ఒకటి కదిలి పటపటమంటున్నాయి. పసుపు విమానం తోక దగ్గర అంతోని బోర్లా పడుకుని ఉన్నాడు. మోకు చేతికి చుట్టుకుని, కాళ్ళు నేలకు తన్ని, దాన్ని ఆపుతున్నాడు. అరచేతులు ఒరుసుకుపోయి నెత్తురు కారుతోంది.

కామందు విమానం కోసం అంత పాటుపడుతున్నాడు. దగ్గరికి పోయి నిలబడ్డాను. తల ఎత్తి చూశాడు. గడ్డం నిండా బురద.

“విప్పు,” అన్నాను.

ఎండాకాలం తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అదే.

“విప్పితే పోద్దే ఇది.”

“పోనీ.”

కాసేపు నన్నే చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద లేచి, పళ్ళతో ముడి పట్టి లాగాడు. తడికి బిగిసిన ముడి వెంటనే రాలేదు. ముడి ఊడాక, నేను కొంగు చుట్ట చేసి నెత్తిన పెట్టుకుంటే, బండను రెండు చేతులా ఎత్తి దాని మీద జాగ్రత్తగా దించాడు. పక్కకు జారకుండా సర్దాడు కూడా.

నేను అడిగింది ఆ ఒక్క బండే. నేను వెనక్కి తిరిగేలోపు ఆయన రెక్క దగ్గరికి పోయాడు. అక్కడి ముడి విప్పాడు. రెండో రెక్కకి పోయాడు. ఆ తర్వాత వెండిదాని దగ్గరికి. పరిగెత్తలేదు. కళ్ళంలో ఎడ్లను విప్పేవాడిలా ఒక్కొక్కటే నింపాదిగా విప్పుకుంటూ పోయాడు.

ముందు పసుపుదాని తోక లేచింది. ముక్కు నేలకు గుచ్చుకుంది. ముక్కున తిరిగే చెక్క రెక్క అక్కడి నాపబండకు కొట్టుకుని ముక్కలైంది. గాలి కింద దూరి దాన్ని అమాంతం ఎత్తి, వెల్లకిలా తిప్పి, వెండిదాని మీద పడేసింది. కొత్త బట్ట చింపినట్టు పెద్ద చప్పుడు. రెండూ కలిసి దొర్లుకుంటూ బీడు అవతలి తుమ్మచెట్లలోకి పోయాయి.

నెత్తిన బండ ఉండగానే నిలబడి చూశాను. దించి చూడొచ్చు, దించాలనిపించలేదు. నా పక్కన అత్త బురదలో చతికిలబడి, తొడల మీద రెండు చేతులతో చరుస్తూ గాలితో అంటోంది.

“ఇంకా! ఇంకా కొట్టు!”

గాలి కాస్త నెమ్మదించేసరికి పల్లె సగం అక్కడికి చేరింది. ఎవరి బండ వాళ్ళు ఎత్తుకుని ఇళ్ళకు మోసుకుపోయారు. ఏలియా తాత తన పెళ్ళాం బండను నిన్నటిలా నెత్తిన పెట్టుకోలేదు, గుండెకు ఆనించుకుని ఎత్తుకెళ్ళాడు.

మధ్యాహ్నానికి అమరేశ్వరరావు వచ్చాడు. వెంట అల్లుడు, నలుగురు మనుషులు. తుమ్మల్లో చిక్కుకుని వేలాడుతున్న రెక్కల మీది పసుపు గుడ్డ, వెండి గుడ్డ చూశాడు. తర్వాత నేల మీద పడి ఉన్న మోకు ఒకటి చేతికర్రతో పైకెత్తాడు.

“ఇది తెగలా. విప్పారు.”

“నేనే విప్పా,” అన్నాడు అంతోని.

అబద్ధమాడతాడనే అనుకున్నాను. తెగిందంటాడనీ, గాలికి ఊడిందంటాడనీ అనుకున్నాను. మా ఇద్దరి పేరూ ఎత్తలేదు, తనొక్కడి పేరే చెప్పాడు.

చేతికర్ర విరిగేదాకా కొట్టాడు కామందు. అంతోని చెయ్యి అడ్డం పెట్టలేదు. అత్త ఏడుస్తూ మీద పడితే ఆమెను పక్కకు నెట్టారు.

“గురజాల కోర్టులో నిలబెడతా నిన్ను. జైల్లో కుళ్ళబెడతా!”

అప్పుడు సాంబశివరావు నోరు విప్పాడు. ఎంత మెల్లగా అన్నా అందరికీ వినిపించింది.

“కోర్టులో మొదట అడిగేది, మోకులు దేనికి కట్టారనే మావయ్యగారూ. సాక్షిని నేనే. ఎదురుగా నిలబడి కట్టించాను. నన్ను అబద్ధం చెప్పమనకండి.”

అమరేశ్వరరావు ముఖం నల్లబడింది. విరిగిన కర్ర ముక్క పారేసి, “పొద్దు గూకేలోగా నా జాగా ఖాళీ చెయ్యి,” అని వెళ్ళిపోయాడు. అల్లుడు ఆ రాత్రికే పెళ్ళాన్ని తీసుకుని బాపట్ల బయల్దేరాడట. మళ్ళీ ఆ ఊరు రాలేదు.

మేము ముగ్గురం కుండలూ, మంచమూ, లూర్దు బండా, మామ బండా ఎత్తుకుని క్వారీ దగ్గరికి పోయాం. రాళ్ళ మధ్య తాటాకులతో పంచ వేసుకున్నాం. అంతోని వీపు వాతలకు ఆముదం రాస్తుంటే “నొప్పిగా ఉందా?” అన్నాను. “లేదు,” అన్నాడు. మళ్ళీ మాటలైతే మొదలయ్యాయి. క్షమించానా అంటే, అది వేరే సంగతి. ములుగర్ర ఎత్తిన చెయ్యీ, ముడి విప్పిన చెయ్యీ ఒకటే కదా. రెండూ కళ్ళ ముందే ఉండేవి.

సమాధుల పండుగకు కామందు మనుషులు బీడు చుట్టూ కాపలా ఉన్నారు. పల్లెలో ప్రతి ఇంట్లో గోడకు ఒక సమాధి బండ ఆనించి ఉంది. అందరూ తమ ఇళ్ళలోనే వాటి ముందు కొవ్వొత్తులు వెలిగించుకున్నారు. గుమ్మాల్లోంచి వెలుతురు వీధిలోకి పడుతుంటే కాపలావాళ్ళు ఆ దారిన నడవడానికి జంకారని తర్వాత చెప్పారు.

ఆ మర్నాటి నుంచి అసలు సంగతి మొదలైంది. వాగు వార ఇసుక చేలల్లో అమరేశ్వరరావుకు వేరుశెనగ ఉంది. పీకే అదను. నేల తడిసి ఉంది, పైన ఎండ. ఇంకాస్త ఆలస్యమైతే కాయ నేలలోనే మొలకెత్తుతుంది. కేక వేయడానికి మనిషి వచ్చాడు. పల్లెలో ఒక్కరూ కదల్లేదు.

“బీడు ఇచ్చినాక వస్తాం. అంతోని ముందు నడిస్తే వస్తాం,” అన్నాడట ఏలియా తాత. పెళ్ళాం పోయాక నలుగురిలో నోరెత్తని మనిషి.

వెల్దుర్తి వైపు నుంచి కూలీలను బండ్లలో తోలించారు. చేను దగ్గర దిగి, సంగతేమిటో తెలుసుకుని, వచ్చిన బండ్లలోనే వెనక్కి పోయారు. ఈలోగా ఊళ్ళూళ్ళా విమానాల కథ పాకింది. ఆయనకు గాలిరావు అని పేరు పెట్టారు. మాచవరం సంతలో ఆయన కారు ఆగితే ఎవరో ఒకరు వెనకనుంచి “రావుగారూ, ఇయ్యాల గాలి ఎటు?” అని అరిచేవారట. నరసరావుపేటలో ప్లీడర్లు కూడా అదే పేరుతో అనుకుంటున్నారని విన్నాను. జిల్లా బోర్డు మాట ఆయన నోట మళ్ళీ వినపడలేదు. క్వారీలో రాళ్ళు మోస్తూ ఒక్కో కబురూ విన్నప్పుడల్లా నాకు ఆకలి బాగా వేసేది.

ఒకనాడు ఆయన భార్య హనుమాయమ్మ బండిలో క్వారీ మొదటికి వచ్చి నన్ను పిలిపించింది. దిగకుండానే మాట్లాడింది.

“ఎలిసమ్మా, కాయ సగం మొలకలొచ్చింది. జరిగిందేదో జరిగింది. అంతోనిని పన్లోకి రమ్మను. బీడులో సగం వదిలేస్తానన్నారు ఆయన.”

“సగంలో ఎవరుండారో మాకు తెల్దు అమ్మగారూ.”

“పోనీ మొత్తం అనుకో. నేను చెబుతా ఆయనకి.”

“ఆయన్నే వచ్చి చెప్పమనండి.”

ఆమె ఉలిక్కిపడింది. “ఈడికా? ఆయన రావడమా?”

“నేను ఆ అరుగు కాడికి వచ్చినా గదమ్మా,” అన్నాను.

వస్తాడని అంతోని నమ్మలేదు. అత్త నమ్మలేదు. నేను మాత్రం నమ్మాను. మొలకెత్తిన కాయ ఎంత నమ్మకంగా పనిచేస్తుందో సేద్యం ఇంట్లో బతికినదానికి తెలియదా?

వచ్చాడు. రాళ్ళ దారిలో కారు రాదు, బండీ రాదు. క్వారీ మొదట్లో దిగి ఎండలో నడిచి వచ్చాడు. వెంట కరణం. గొడుగు పట్టేవాణ్ణి తీసుకురాలేదు, నలుగురి కళ్ళా పడకూడదని కాబోలు. పంచె అంచుకు ఎర్రదుమ్ము, మెడ మడతల్లో చెమట. క్వారీలో పనిచేస్తున్నవాళ్ళంతా సమ్మెటలు దించి నిలబడ్డారు. చప్పుడు ఆగిపోయింది.

నేను పంచలో కూర్చుని వరిగలు చెరుగుతున్నాను. అంతోని అలవాటు కొద్దీ లేచి మంచం వాల్చబోయాడు.

“నువ్వు కూకో,” అన్నాను.

మంచం కోడు మీద నుంచి చెయ్యి తీసేశాడు. కూర్చున్నాడు.

అమరేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. “బీడు మీకు వదిలేస్తన్నా. మొత్తం. కరణం వచ్చి హద్దురాళ్ళు పాతిస్తాడు, రేపే. రేపటినించి పీకుడుకి రండి.”

నేను చేట దించలేదు. “హద్దులు సరే. మా పిల్ల ఎక్కడుందో చూపించండి అయ్యగారూ.”

“ఏందే?”

“చదును చేయించింది మీరు గదా. ఏడుందో మీకే తెలవాల. చూపిస్తే ఈ బండ ఆడ పెట్టుకుంటా.”

ఆయన కరణం వైపు చూశాడు. కరణం నేల చూపులు చూశాడు. నేను తొందర పెట్టలేదు. చేటలో రాళ్ళు ఏరాను, ఊక ఊదాను, మళ్ళీ చెరిగాను. ఆయన ఆ ఎండలో కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు.

“తెలవదు,” అన్నాడు చివరికి.

క్వారీ మొత్తం వింది.

“అట్టాగే. హద్దురాళ్ళు పడ్డాక వస్తాం,” అన్నాను.

ఆయన వెంటనే కదల్లేదు. పెదాలు తడుపుకున్నాడు. నా పక్కన కొత్త కుండ ఉంది, తడిగుడ్డ చుట్టి, పైన ముంత బోర్లించి. క్వారీలో అంతకు మించి నీళ్ళు లేవు, మళ్ళీ ఊళ్ళోకి పోవాల్సిందే. ఆయన చూపు కుండ మీద పడటం చూశాను. మా చేతి నీళ్ళు ఆ ఇంటివాళ్ళు ఏనాడూ తాగి ఎరగరు. అడిగితే ముంచి ఇచ్చేదాన్నే.

ఆయన అడగలేదు. తిరిగి, దుమ్ములో అడుగులేసుకుంటూ రాళ్ళ దారి వెంట వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా చూసి, ముంత తీసి ముంచుకుని, గడగడా తాగాను.